బొజ్జ వెనక ఆకాశం

టీచరమ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకి భూగోళం చెప్పింది. ప్రపంచంలో ఏ గాలి ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి వీస్తుందో నల్లబల్ల మీద బాణాలు గీసి చూపించేది. బాణం తిరగేసి గీసిన వాళ్ళకి నిర్దాక్షిణ్యంగా మార్కులు కోసేది. ఇంతా చేసి ఆ గాలుల్లో ఒక్కటైనా ఆవిడ మొహానికి తగిలిన పాపాన పోలేదు. ఆవిడ పాఠం చెప్పిన గదిలో ఫ్యాను కూడా సరిగ్గా తిరిగేది కాదు.

ఆవిడ భర్తది దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన పెళ్ళిళ్ళకీ సభలకీ షామియానాలు వేయించేవాడు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని షామియానా బాబాయి అనే పిలిచేవారు. గాలికి పుస్తకాల్లో పేర్లుంటాయని బాబాయికి తెలియదు. ఆయన గాలిని పిలిచే పేర్లు వేరే ఉన్నాయి, అవి నలుగురిలో అనదగ్గవి కావు. ఒక కొంపలో గాలి గురించి ఇద్దరు పండితులుంటే ఆ కొంప ఏమవుతుందో మీరే చూడండి.

రిటైరయ్యాక టీచరమ్మకి తను గీసిన బాణాల్ని కళ్ళారా చూడాలని బుద్ధి పుట్టింది. పరాయి దేశాల్లో జనం ఊళ్ళు తిరగడానికి వెళ్తూ నమ్మకమైన వాళ్ళని ఇంట్లో పెట్టి పోతారనీ, మొక్కలకి నీళ్ళు పోసి, పిల్లి ఉంటే దానికింత తిండి పడేసి, ఇంటిని ఇల్లులా ఉంచితే చాలనీ, ఆవిడతో పనిచేసిన లెక్కల టీచరు ఆవిడకి నూరిపోసింది. ఈవిడ ఫోనులో అలాంటి ఇళ్ళు చూపించే వెబ్‌సైటు తెరిచి తమ వివరాలన్నీ నింపి, ఇద్దరూ నవ్వుతున్న ఫోటో ఒకటి పెట్టేసింది. విషయం బాబాయికి టిక్కెట్లు చేతికొచ్చాక తెలిసింది. మన ఇంటికి తాళం వేసి, పక్కవాళ్ళని కాస్త చూస్తూండమని బతిమాలుకుని, మనం విమానమెక్కి వెళ్ళి ఎవరింటికో కాపలా కాయడమా అన్నాడు. గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడమంటే ఇదేనన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమవుతుందని పాపం ఆయనకి అప్పటికి తెలియదు.

వాళ్ళు వెళ్ళింది సముద్రం ఒడ్డు దేశం. అక్కడ గాలి వచ్చిపోయే చుట్టం కాదు, మంచం కింద పెట్టె పెట్టుకుని పాతుకుపోయిన చుట్టం. మొదటి ఇంట్లో ఉండగా టీచరమ్మ కుచ్చిళ్ళకీ పైటకీ అంచుకీ కలిపి ఎన్ని పిన్నీసులు పెట్టిందంటే, ఆవిడ వీధిలో నడుస్తుంటే ఇనప సామాను కొట్టు నడుస్తున్నట్టుండేది. బాబాయి ఆరేసిన గళ్ళ లుంగీ తాడు తెంపుకుని మూడిళ్ళు దాటి ఎవరి చెట్టుకో తగులుకుంది. ఆ ఇంటాయన దాన్ని చక్కగా మడిచి తెచ్చిచ్చి, ఇది మీ దేశం జెండానా అని ఎంతో మర్యాదగా అడిగాడు. రెండో ఇంట్లో కిటికీ సందులోంచి పొద్దస్తమానం ఈల వినిపించేది. అది పడమటి నుంచి వచ్చే గాలి అని టీచరమ్మ పాఠం మొదలుపెడితే, ఏ దిక్కుదైనా దిక్కుమాలిన గాలే అని బాబాయి ఆ సందులో ఆవిడ స్వెట్టరు కుక్కాడు.

అలా రెండిళ్ళు గట్టెక్కి మూడో ఇంటికి వచ్చారు. ఊరి చివర మిట్ట మీద ఒంటరిగా ఉన్న ఇల్లది. ఇల్లుగలావిడ బాగా పెద్ద వయసుది, ఒక్కతే ఉంటుంది, చెల్లెలి దగ్గర కొన్నాళ్ళుండి రావడానికి బయల్దేరుతోంది. పిల్లి లేదు, కుక్క లేదు, మొక్కలు గాలికి తట్టుకోలేక ఎప్పుడో పోయాయి. కాలు మీద కాలేసుకుని కూచోవచ్చని బాబాయి లోలోపల సంబరపడ్డాడు. అప్పుడు పెద్దావిడ వాళ్ళని ముందుగదిలోకి తీసుకెళ్ళి ఒక పెద్ద బల్ల చూపించింది.

బల్ల మీద పజిల్ ఉంది, చిన్న చిన్న అట్టముక్కలు ఒకదానికొకటి తగిలించి బొమ్మ తయారుచేసే ఆట. వందలకొద్దీ ముక్కలు. ఓడరేవు, తెరచాపలెత్తిన పడవలు, పైన బోలెడు ఆకాశం. పడవలన్నీ పూర్తయ్యాయి, ఆకాశం సగంలో ఆగిపోయింది. మిగిలిన ముక్కలు పక్కనే మూత తీసిన పెట్టెలో ఉన్నాయి. పెద్దావిడ వచ్చీరాని ఇంగ్లీషులో, టీచరమ్మకి అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది.

“ఇల్లంతా మీ ఇష్టం. ఈ బల్ల మాత్రం ముట్టుకోకండి. ఇది మా ఆయన పేర్చింది. ఆయన పోయాక నేను ఒక్క ముక్క కదపలేదు.”

దుమ్ము కూడా గుడ్డతో తుడవదట. దగ్గరగా వంగి నోటితో ఊదుతుందట. ఎలా ఊదాలో ఊది చూపించింది కూడా. టీచరమ్మకి గుండె చెరువైంది. పెద్దావిడ రెండు చేతులూ పట్టుకుని, మీరు ఎలా వదిలి వెళ్ళారో అలాగే మీకు అప్పగిస్తానని మాటిచ్చింది. ఆవిడ మాటంటే మాటే. సోమవారం పరీక్ష అందంటే ఊరు మునిగినా సోమవారమే పరీక్ష పెట్టిన మనిషి.

మర్నాడు టీచరమ్మ తన చెల్లెలికి పంపించడానికి ఆ బల్ల దగ్గర భర్తని నిలబెట్టి ఫోటో తీసింది. బాబాయికి ఫోటో అంటే అన్నిటికంటే ముందుకొచ్చి నిలబడే అలవాటు. ఎన్ని పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికొడుకు భుజం ఈయన బొజ్జ వెనక దాక్కుందో లెక్కలేదు.

కొన్నాళ్ళు ప్రశాంతంగా గడిచాయి. ఒకరోజు పొద్దున్నే ఫోను కీచుమని అరిచి, ఇవాళ పెనుగాలి వస్తుంది, జాగ్రత్త అని చెప్పింది. టీచరమ్మ తలుపులూ కిటికీలూ బిగించే పనిలో పడింది. బాబాయి నవ్వాడు. పుస్తకాల చదువు ఇంతేనన్నట్టు తలాడించి, కుర్చీలో వెనక్కి వాలాడు.

“నాలుగు పక్కలా గుడ్డ కట్టి మూసిన షామియానాయే లేచిపోతుందే. ఇటు నుంచి వచ్చి అటు నుంచి పోవడానికి దారిచ్చావనుకో, గాలి దాని మానాన అది పోతుంది.”

“ఇది షామియానా కాదండీ, ఇల్లు.”

“దానికి గుడ్డ, దీనికి గోడ. అంతేగా తేడా.”

టీచరమ్మ వాదన పెంచలేదు. గాలి ముదరకముందే పాలూ రొట్టే తెచ్చుకోవాలని సంచీ పట్టుకుని బయల్దేరుతూ, కిటికీలు ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లు చెప్పడమే పొరపాటు. ఒక్కసారి చెప్తే బాబాయి మరిచిపోయి ఊరుకునేవాడు.

ఇక్కడ ఆయన పక్షాన కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. ఒకానొక పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే వేళకి, ఆయన వేయించిన షామియానా గుంజలతో సహా లేచి పక్క వీధిలో జరుగుతున్న ఇంకో పెళ్ళి మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, ఆ నవ్వులు ఆయన్ని ఇప్పటికీ వదల్లేదు. గాలి చప్పుడు వింటే చాలు, ఆయన చేతులు వాటంతటవే తాడు కోసం వెతుకుతాయి. భయమని మాత్రం చచ్చినా ఒప్పుకోడు, అనుభవం అంటాడు.

టీచరమ్మ అలా వెళ్ళిందో లేదో కిటికీ అద్దాలు గడగడలాడటం మొదలైంది. ఇంటికప్పు లేచిపోవడం బాబాయికి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ముందు పజిల్ సంగతి చూడాలనుకున్నాడు, ఆ బుద్ధి మాత్రం మంచిదే. మంచం మీది దుప్పటి తెచ్చి బల్ల మీద పరిచి, నాలుగు కొసలూ నాలుగు బల్లకోళ్ళకి తాడుతో బిగించి, తనకి చేయి తిరిగిన ముడి వేశాడు. ఏనుగు లాగినా ఊడని ముడి అది. తరవాత వెనక గది కిటికీలూ, ముందు గది కిటికీలూ బార్లా తెరిచేశాడు. గాలి వెనక నుంచి వచ్చి ముందు నుంచి పోయింది. తెరలు ఎగిరాయి, గోడకి ఉన్న పటం ఒకటి పక్కకి ఒరిగింది, అంతే. అద్దాల గడగడ ఆగిపోయింది. టీచరమ్మ రానీ చెప్తానని ఆయన కుర్చీలో ఠీవిగా కూర్చున్నాడు.

టీచరమ్మకి వెళ్ళేటప్పుడు నడిచే శ్రమే లేకపోయింది, గాలే తోసుకుపోయింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం దీపస్తంభాన్ని కౌగిలించుకుని, ఊపిరి తీసుకుని, ఇంకో దీపస్తంభం దాకా పరిగెత్తి దాన్ని కౌగిలించుకుని, అలా మిట్టెక్కింది. ఇల్లు కనబడగానే ప్రాణం లేచొచ్చి, తాళంచెవి తిప్పి వీధి తలుపు బార్లా తీసింది. ఆ తలుపుకి ఎదురుగానే బల్ల.

వెనక కిటికీల్లోంచి వస్తున్న గాలి ఒక్కసారిగా ఆ తలుపు కేసి ఉరికింది. దుప్పటి కిందకి దూరి, దాన్ని బూరెలా పొంగించి, లేపి ఒక్క దెబ్బ కొట్టింది. మళ్ళీ లేపి మళ్ళీ కొట్టింది. పడవలూ తెరచాపలూ ఆకాశమూ దుప్పటి నాలుగు పక్కల నుంచీ వడగళ్ళలా ఎగిరొచ్చాయి. పెట్టె బోర్లా పడి, అందులోని ముక్కలు వీటితో కలిశాయి. కొన్ని కిటికీలోంచి బయటికి పోయాయి. పాల సంచీతో గుమ్మంలో నిలబడిపోయిన టీచరమ్మ ముక్కుకి ఒక పడవ వచ్చి తగిలింది.

ఖాళీ బల్ల మీద దుప్పటి ఇంకా ఎగిరెగిరి పడుతోంది. బాబాయి దాని కేసి వేలు చూపించాడు.

“ముడి ఊడలేదు చూశావా.”

ఆ దంపతుల జీవితంలో ఎన్నో పోట్లాటలు జరిగాయి గాని, తరవాత జరిగినంతది జరగలేదు. కిటికీలు తీసింది మీరని ఆవిడ, తలుపు తీసింది నువ్వని ఆయన. ఇద్దరూ నిజమే చెప్తున్నారు కాబట్టి ఆ పోట్లాట తెమిలే దారి లేకపోయింది. చివరికి టీచరమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. పోయిన మనిషి చేతిపని, ఆవిడ నన్ను నమ్మి వదిలిపెట్టి వెళ్ళింది అంటూ ఏడ్చింది. అది చూసి బాబాయి నోరు మూసుకుని, కిటికీలు మూసి, మోకాళ్ళ మీద వంగి ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

ముక్కలు చెప్పుల్లో దొరికాయి, దీపం గొట్టంలో దొరికాయి, టీచరమ్మ జుట్టు ముడిలో దొరికాయి. గాలి కాస్త తగ్గాక ఆవిడ పిన్నీసులు సరిచేసుకుని వీధిలోకి వెళ్ళి, పొదల కింద పాక్కుంటూ వెతికింది. దారినపోయే ఒకాయన ఆగి, ఏం పోయిందమ్మా అని వాళ్ళ భాషలో అడిగాడు కాబోలు. ఆవిడ ఇంగ్లీషులో, ఆకాశం అని చెప్పింది. ఆయన గబగబా వెళ్ళిపోయాడు.

ఇక ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వంటా వార్పూ నామమాత్రం. పెట్టె మీది బొమ్మ చూస్తూ ఇద్దరూ పేర్చారు. పడవలు త్వరగానే కుదిరాయి. తెరచాపల దగ్గర బాబాయి, ఇలా కడితే ఏ గాలికైనా చిరుగుతుందని కట్టినవాణ్ణి తిట్టుకున్నాడు. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి చుక్కలు కనిపించాయి. అన్నీ నీలమే. నీలంలో తేడాలున్నాయని టీచరమ్మ అంటుంది, ఆయనకి కనబడవు. ముక్కల అంచున పొడుచుకొచ్చిన వాటిని చెవులని, ఒంటిచెవిది, జంటచెవులది, ఏ చెవీ లేనిది చెవిటిది అని పేర్లు పెట్టుకుని, ఆ చెవిటిదాన్ని ఇలా పడెయ్ అని అడిగేవాడు. కొన్నాళ్ళకి ఆవిడా అవే పేర్లు అనడం మొదలుపెట్టింది.

అసలు చిక్కు తరవాత వచ్చింది. ఆకాశం ఎంతవరకూ పేర్చి ఉంది? ఎక్కువ పేర్చినా తప్పే, తక్కువ పేర్చినా తప్పే. అప్పుడు టీచరమ్మకి ఫోటో గుర్తొచ్చింది. ఫోను తీసి చూస్తే ఎడమవైపు ఆకాశం అద్దంలా కనిపిస్తోంది. కుడివైపు ఆకాశం ఉండాల్సిన చోట బాబాయి బొజ్జ ఉంది.

బొజ్జ వెనక ఎంత ఆకాశం ఉందో ఎవరికి తెలుసు? టీచరమ్మ ఆయన్ని మళ్ళీ అదే చొక్కాతో అదే చోట నిలబెట్టింది. ముందుకి జరగమంది, వెనక్కి జరగమంది, ఊపిరి బిగించకుండా మామూలుగా ఉండమంది. అప్పటి ఫోటోలో బొజ్జకి పైన మూడు ముక్కల మేర నీలం కనిపిస్తే ఇప్పుడు రెండే కనిపిస్తున్నాయి. ఈ దేశపు రొట్టెలకి పొట్ట పెరిగిందని ఆవిడ, నువ్వు ఫోను పట్టుకున్న ఎత్తు తేడా అని ఆయన. చివరికి నడుముకి పంచె బిగించి కట్టి, పాత బొజ్జ తెప్పించి, దాని అంచుని బట్టి ఆకాశానికి హద్దు నిర్ణయించారు. సగం కొలిచింది, సగం దేవుడి మీద భారం వేసింది.

పెద్దావిడ రేపు వస్తుందనగా బల్ల మీద పని పూర్తయింది. అచ్చం అలాగే ఉందని ఇద్దరికీ అనిపించింది. ఇక చెప్పడమా మానడమా అన్న మాట వచ్చింది. చెప్పకూడదని బాబాయి తేల్చేశాడు. చిరిగిన షామియానా గురించి తను పెళ్ళివారికి ఎన్నడూ చెప్పలేదట, ఆ చిరుగు కింద ఆడపెళ్ళివారిని కూచోబెట్టేవాడట. తెలిసి ఆవిడ బాధపడటం తప్ప ఒరిగేదేముందన్నాడు. కాపీ కొట్టిన వాళ్ళని ఎండలో నిలబెట్టిన టీచరమ్మ, తలొంచుకుని సరేనంది. ఆ సరే అన్నాక ఆవిడకి ముద్ద దిగలేదు.

పెద్దావిడ వచ్చింది. ప్రయాణం పెట్టె గుమ్మంలోనే వదిలి, కోటు కూడా విప్పకుండా తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళింది. వంగి, ఎప్పటిలాగే మెల్లిగా ఊదింది. బాబాయి ఊపిరి బిగబట్టాడు. ఆవిడ నవ్వు మొహంతో తిరిగి, చాలా జాగ్రత్తగా చూసుకున్నారని టీచరమ్మ చెయ్యి నిమిరింది. గండం గడిచిందని బాబాయి టీ పెట్టడానికి వంటింటి వైపు రెండడుగులు వేశాడు కూడా.

“అమ్మా, ఇది మీ ఆయన పేర్చింది కాదు,” అంది టీచరమ్మ. “మేం పాడుచేశాం. మళ్ళీ మేమే పేర్చాం.”

అని ఊరుకోలేదు. కిటికీలు, దుప్పటి, తలుపు, బొజ్జ, అన్నీ చెప్పింది. కిటికీలు తీసింది మా ఆయనైనా తలుపు తీసింది నేనే అని చెప్పింది. బాబాయికి మాటలు అర్థం కాకపోయినా ఏం జరుగుతోందో అర్థమై, వెనక్కి వచ్చి భార్య పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పెద్దావిడ సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. మళ్ళీ వంగి, ఈసారి ఊదకుండా, ఆకాశం అంతా వేలితో తడుముతూ పోయింది. ఒక చోట వేలు ఆగింది. అక్కడి ముక్కకి చెవి నలిగి ఉంది. అది గాలికి నలిగిందనుకుని టీచరమ్మే దాన్ని చదును చేసి, సరైన చోటు వెతికి పెట్టింది.

ఈ ముక్క ఇక్కడిది కాదంది పెద్దావిడ. తరవాత తనే దిద్దుకుంది. ఇక్కడిదే, కాని ఆయన దీన్ని ఇంకెక్కడో పెట్టాడు. పట్టకపోతే పిడికిలితో గుద్ది మరీ పెట్టాడు. అది అక్కడిది కాదని తనంది, అక్కడిదేనని ఆయనన్నాడు. ఆ వాదన రోజుల తరబడి నడిచింది. అది తెమలకుండానే ఆయన పోయాడు. ఆ తప్పు ముక్కని చూసుకుంటూ, అది అక్కడిది కాదని రోజూ పొద్దున్నే ఆయనతో చెప్పడం తనకి అలవాటైపోయింది. ఇదంతా చెప్పి పెద్దావిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది.

“మీరు నన్ను గెలిపించేశారు. ఇప్పుడు నేను ఎవరితో పోట్లాడను?”

టీచరమ్మ ఇదంతా భర్తకి తెలుగులో చెప్పబోయింది. సగం చెప్పి, ఆ నలిగిన ముక్కని వేలితో చూపించింది. ఆ సగమే బాబాయికి సరిపోయింది. ఆయన బల్ల మీదికి వంగి, ఆ చెవి నలిగిన ముక్కని గోటితో పైకి లేపాడు. ఆకాశంలో ఇంకో చోట ముక్క ఒకటి తీసి పక్కన పెట్టి, ఆ ఖాళీలో దీన్ని ఉంచి, పెద్దావిడ మొహం చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి కాస్త పైకి చూపించింది. అక్కడి ముక్క తీసి ఇది పెట్టాడు. ఇంకొంచెం పక్కకి అంది. అది అక్కడ పట్టదు, ఎటు తిప్పినా పట్టదు. బాబాయి గుంజకి మేకు కొట్టినట్టు పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. ముక్క వంకరగా, చెవి పైకి లేపుకుని కూర్చుంది.

“అది అక్కడిది కాదండీ,” అంది టీచరమ్మ అలవాటు కొద్దీ.

“ఇక్కడిదే,” అన్నాడు బాబాయి, ఇంకో గుద్దు గుద్దుతూ.

పెద్దావిడకి తెలుగు రాదు. అయినా ఆ రెండు మాటలూ ఎవరూ చెప్పకుండానే ఆవిడకి అర్థమయ్యాయి. కోటుతోనే కుర్చీలో కూలబడి, కళ్ళ నీళ్ళు కారుతుంటే ఆపుకోలేకుండా నవ్వుతూ, మళ్ళీ అనమని ఇద్దరినీ చేత్తో సైగ చేసింది.